సముద్రంలో మా మగ్గులు

జూన్ 17, మంగళవారం. ఉదయం 6:10

ఈ డైరీ ఫిబ్రవరిలో వాకింగ్ కోసం కొన్నాను. మూడు పేజీల్లో వాకింగ్ ఉంది. మిగతావన్నీ ఖాళీ. ఇక నుంచి ఇది మగ్గుల డైరీ.

సంగతి ఇది. పటాన్‌చెరులోని ఒక ప్లాస్టిక్ కంపెనీలో నేను డిస్పాచ్ క్లర్కుని. పోయిన నెల ఆఫ్రికాకు పంపిన మా కంటైనర్ తుఫానుకి ఓడ మీద నుంచి అరేబియా సముద్రంలో పడిపోయిందని నిన్న మెయిల్ వచ్చింది. 480 పెట్టెలు, పెట్టెకు 24. మొత్తం 11,520 స్నానాల మగ్గులు. ఆరెంజ్ రంగు. ఇన్సూరెన్స్ ఉంది కాబట్టి మేనేజరు టీ తాగి వేరే పనిలో పడ్డాడు.

ప్యాకింగ్‌లో ఉండే బేగంబీ ఖాలా మాత్రం ఊరుకోలేదు. మా అందరికీ ఖాలా, అంటే పిన్ని. పందొమ్మిదేళ్లుగా పెట్టెలు కడుతోంది. వచ్చే నెలాఖరుకి రిటైరవుతుంది.

“మునుగుతయా, తేల్తయా బేటా?”

“తేల్తయి ఖాలా. మన ప్లాస్టిక్ నీళ్లకంటె అల్కగ ఉంటది.”

“తేలితే యాడికన్న పోతయి కద. ఇన్నేండ్ల సంది లారీ ఎక్కుడే సూసిన. యాడ దిగుతయో ఒక్కసారన్న తెలిస్తె బాగుండు.”

“నువ్వు రిటైరయ్యే లోపట నేను చెప్త ఖాలా.”

మాట ఇచ్చిన తరువాత ఆలోచించాను. అయినా ఎంత పని, రోజుకో గంట.

నియమాలు: 5:30కి లేవాలి. 6 నుంచి 7 దాకా మగ్గులు. ఆ గంటలో క్రికెట్ వీడియోలు చూడకూడదు. డైరీ రోజూ రాయాలి.

జూన్ 18, బుధవారం

5:30కి లేచాను. (5:50.)

సముద్రపు ఒడ్డున దొరికినవాటి ఫొటోలు పెట్టుకునే ఫేస్‌బుక్ గ్రూప్ ఒకటి దొరికింది. చెప్పులు, సీసా మూతలు, బొమ్మల చేతులు. ప్రపంచంలో ఇంతమంది ఇదే పనిలో ఉన్నారని నాకు తెలియదు. మా మగ్గు ఫొటో పెట్టాను. అడుగున మా కంపెనీ నెమలి గుర్తు, దాని కింద అచ్చు నంబరు 7. “కనిపిస్తే చెప్పండి” అని ఇంగ్లీషులో రాశాను. రెండు స్పెల్లింగులు తరువాత దిద్దాను.

జూన్ 20, శుక్రవారం

సంగారెడ్డి నుంచి ప్రపంచ పటం తెచ్చి ఇస్నాపూర్‌లో మా ఇంట్లో ఫ్రిజ్ పక్కన గోడకి తగిలించాను. కంటైనర్ పడిన చోట ఎర్ర పిన్ను. వానాకాలంలో అరేబియా సముద్రపు నీళ్లు తూర్పుకి, అంటే మన వైపుకే పారుతాయని చదివాను. ఆ మాటే నా భార్య వనజకి చెప్పాను.

“పంపినోళ్ల కాడికే వస్తున్నయా? అక్కడ ఎవ్వలకు నచ్చలేదేమో” అంది.

జూన్ 24, మంగళవారం

ఫొటోకి 41 లైకులు. రంగు బాగుందని ఒకామె రాసింది. మగ్గులు కనిపిస్తే చెప్పమని ఉత్తరాలు రాయాల్సిన చోట్లు పన్నెండు తేలాయి: లక్షద్వీప్, మాల్దీవులు, కేరళ, శ్రీలంక, ఇంకా. మూడు రాశాను. తొమ్మిది రేపు.

జూన్ 25, బుధవారం

వాన. కరెంటు లేదు. ఫోన్లో 9 శాతం ఉంది. తొమ్మిదీ రేపు.

జూన్ 29, ఆదివారం

ఆదివారం.

జూలై 3, గురువారం

తొమ్మిదిలో ఒకటి రాశాను. అలారం 6:30కి మార్చాను. రోజుకో గంట అన్నాను కానీ ఏ గంటో ఖాలాకి చెప్పలేదు కదా. గ్రూపులో రోజూ రెండొందల ఫొటోలు వస్తున్నాయి, ఫోన్ ఆగకుండా మోగుతోంది. దాని నోరు మూయించాను.

జూలై 8, మంగళవారం

క్యాంటీన్‌లో ఖాలా అడిగింది. “యాడిదాంక వచ్చినయి బేటా?”

“నడుమల ఉన్నయి.”

అది అబద్ధం కాదు. ఎక్కడో ఒక నడుమనే ఉంటాయి.

జూలై 13, ఆదివారం

బోనాలు. బావమరిది వాళ్లు వచ్చారు. పటం మీద వనజ గ్యాస్ ఏజెన్సీ క్యాలెండర్ తగిలించింది. ఎర్ర పిన్ను ఎక్కడో రాలిపోయింది. పక్కనే ఇడ్లీ పిండి గిన్నె ఉండడంతో అందరం ఇడ్లీలు మెల్లగా నమిలి తిన్నాం. చివరికి ఫ్రిజ్ కింద దొరికింది.

జూలై 18, శుక్రవారం

రాయాలని లేదు. కానీ రాస్తున్నాను.

మధ్యాహ్నం నలుగురు ఆడవాళ్ల ముందు ఖాలా మళ్లీ అడిగింది. “ఇంక పదమూడు రోజులే ఉన్నయి బేటా నాకు.” తొమ్మిదిలో ఎనిమిది ఉత్తరాలు రాయలేదని చెప్పడానికి నోరు తెరిచాను.

“దొరికినయి ఖాలా. మాల్దీవులల్ల. ఒకాయన ఒడ్డున సూసిండట” అన్నాను.

ఖాలా టిఫిన్ డబ్బా కింద పెట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

జూలై 19, శనివారం

ఖాలా ఇంట్లో రొట్టె, బెల్లం కలిపి మలీదా చేసి తెచ్చింది. ప్యాకింగ్ సెక్షన్ అంతటికీ పంచింది. నాకు రెండు ముద్దలు. ఒకటి జేబు రుమాల్లో కట్టి ఇంటికి తెచ్చాను.

వనజ ఎందుకని అడిగితే చెప్పేశాను.

“దొర్కకుండనే దొర్కినయని చెప్పినవా, గా పెద్దమనిషికి?”

“రిటైరయితుంది కద. జెర ఖుషీ పడతదని.”

“ఆమె ఖుషీకి కాదు. పొద్దుగాల నువ్వు లేవలేక.”

ఆమె మాట ఇక్కడ రాసిపెట్టుకుంటున్నాను.

జూలై 26, శనివారం. ఉదయం 7:20

వారం రోజులు ఏమీ రాయలేదు. ఈ రోజు క్రికెట్ చూద్దామని ఫోన్ తెరిస్తే గ్రూపులో నాకొక మెసేజ్. వచ్చి మూడు రోజులైంది.

కేరళ తీరంలోని ఒక చేపలు పట్టే ఊరి నుంచి శ్రీజ అనే ఆమె రాసింది. ఫొటో పంపింది. ఆరెంజ్ రంగు కొంచెం వెలిసింది, పిడికి చిన్న చిన్న గవ్వల్లాంటివి అంటుకున్నాయి. అడుగున నెమలి. 7.

వాళ్లాయన వలలో ఒకేసారి అరవై మూడు మగ్గులు పడ్డాయట. వల రెండు చోట్ల చిరిగింది. బాగుచేసుకునేదాకా రెండు రోజులు వేటకి పోలేదట. ఒక మగ్గు వంటింట్లో నీళ్లకి పెట్టుకున్నానని రాసింది. కింద ఒక్క ప్రశ్న: “ఇలాంటివి ఇంకా ఎన్ని ఉన్నాయి?”

నాలుగుసార్లు చదివాను. దొరికాయన్న సంతోషం ముందు వచ్చింది. తరువాత వల. ఆ తరువాత మాల్దీవులు. కేరళలో కూడా దొరికాయని చెబితే అబద్ధం అలాగే ఉండిపోతుంది, ఎవరికీ తెలియదు. కాసేపు అదే అనుకున్నాను.

వనజ నా భుజం మీదుగా చదివింది. టీ పెట్టింది.

జూలై 28, సోమవారం

లంచ్‌కి ముందు ప్యాకింగ్‌లోకి వెళ్లి ఖాలాకి ఫొటో చూపించాను. కళ్లజోడు పెట్టుకుని నెమలినీ అంకెనీ చాలాసేపు చూసింది. శ్రీజ రాసింది చదివి చెప్పాను.

“వల చినిగిందా?” అంది ముందు.

“అవును ఖాలా.”

“మరి మాల్దీవులయి?”

“అది అబద్ధం ఖాలా. నేను సరిగ ఎతకలేదు. నీకు చెప్పనీకి మొఖం చెల్లలేదు.”

చేతిలో ఉన్న టేపు చుట్ట పక్కన పెట్టింది.

“నేను అందరికి మలీదా పెట్టిన బేటా” అంది.

తిట్టి ఉంటే బాగుండేది. లేచి, ఆ రోజు నా మాట విన్న నలుగురి దగ్గరికీ తనే వెళ్లింది. “మాల్దీవులు కాదంట, కేరళనంట. నేనే తప్పు ఇన్న” అని చెప్పింది. నేను అక్కడే నిలబడి విన్నాను.

తిరిగి వచ్చి, “ఆమెకు జవాబు రాసినవా?” అంది.

“ఇంక రాయలే.”

“కూసో. నేను చెప్త, నువ్వు రాయి.”

ఆమె చెప్పింది చెప్పినట్టే ఇంగ్లీషులో పెట్టాను: అవి మేం కట్టినవే. ఓడ మీద నుంచి పడిపోయాయి. మీ వల చిరిగిందని విని మనసు కష్టమైంది. పదకొండు వేలకు పైగా ఉన్నాయి. దాచడం లేదు.

జూలై 31, గురువారం

ఖాలాకి శాలువా, గోడ గడియారం ఇచ్చారు. మేనేజరు మాట్లాడాడు. ఖాలాని మాట్లాడమంటే, “అందరు మంచిగుండున్రి” అని కూర్చుంది.

గేటు దగ్గర నన్ను పిలిచింది.

“అరవై మూడు పోతె ఎన్ని?”

“11,457.”

“అవి గూడ ఎవ్వల వలల్నో పడ్తయి. ఎటు మొఖాన వస్తున్నయో ముందుగాల తెలిస్తె వల అవుతలకు ఏసుకుంటరు కద వాళ్లు. రేపటి సంది పొద్దుగాల ఆరు గంటలకు నాకు ఫోన్ చేసి రాయి. నాకిగ డ్యూటీ లేదు. ఇంట్ల కూసుని ఏం జెయ్యాలె?”

ఆగస్టు 1, శుక్రవారం. ఉదయం 6:05

మొదటి రోజు.

5:55కి ఖాలాయే ఫోన్ చేసింది. క్యాలెండర్ తీసి పక్కన పెట్టాను. శ్రీజ ఊరు దగ్గర కొత్త పిన్ను గుచ్చాను. ఆ తీరంలో మత్స్యకారుల సంఘాలు పద్నాలుగు ఉన్నాయని శ్రీజ జాబితా పంపింది. మొదటి ఉత్తరం మొదలుపెట్టాను. ఫోన్ స్పీకర్లో పెట్టి టేబుల్ మీద ఉంచాను.

“బేటా, రాస్తున్నవా? సప్పుడొస్తలేదు.”

“డైరీ రాస్తున్న ఖాలా.”

“అది బంద్ జెయ్యి. ఉత్తరం రాయి.”