చేతికి గుర్తున్న మాట

నాయనా,

ఈ పొద్దు మన వీధిలో పూలమ్మే ఖాసింబీ మాట్లాడింది. ఒకే ఒక్క మాట. అది ముందు నీకే చెప్పాలనిపించింది.

పక్షవాతం వచ్చి ఆమెకు కుడిచేయి, మాట రెండూ పడిపోయాయి. "అమ్మకేం తెలీకుండా ఉండాదక్కా," అని ఎస్టీడీ బూత్ నడిపే కొడుకు కళ్లొత్తుకున్నాడు. నీకు అట్లయినప్పుడూ నందికొట్కూరంతా మతిపోయిందనే అంది కదా! కర్నూలు డాక్టరొక్కరే, "మతి బాగుందమ్మా, మాట దొరకడం లేదంతే. అలవాటైన పనిలో పెట్టి చూడండి," అన్నారు. అమ్మ నీ ఎడమచేతికి శేరు అందించింది. బియ్యం కొలుస్తూ నువ్వు, మన అంగట్లో ఒకటికి బదులు అనే "లాభం"తోనే మొదలుపెట్టి, "రెండు, మూడు" అన్నావు. అక్కడినుంచే మెల్లగా మా పేర్లదాకా వచ్చావు.

అందుకే ఈరోజు మల్లెమాల ఖాసింబీ ఎడమచేతిలో పెట్టి, నా చేయి చాపాను. "ఓ మూర ఇయ్యి పిన్నమ్మా," అన్నాను. నా మోచేతినుంచి వేలికొసదాకా కొలిచి, పళ్లతో దారం తెంపింది. తర్వాత, నువ్వు పోయినప్పటినుంచీ జబ్బుపడేదాకా రోజూ చేసినట్టే, ఇంకో చిన్న ముక్క తెంపి నా అరచేతిలో పెట్టింది.

"అయ్యకు," అంది.

ఆమెకు మాట తెచ్చే దారి నువ్వు చూపిందే నాయనా. పూలు నీ పటానికి వేశాను.