కళ్ళు మూసి తెరవమన్నారు

బాపూ,

ఇవాళ నీ సంవత్సరీకం. పొద్దున్నే ఆ క్రిప్టో కంపెనీ నుంచి జవాబు వచ్చింది. నీ పేరున ఉన్న ఖాతాను ఏ ఫోన్‌ నుంచి నడిపారో చెప్పమని అడిగాను. ఖాతాదారుడి గోప్యత ముఖ్యమట, చెప్పరట.

గోప్యత! దొంగసొమ్ము నీ ఖాతాలోంచి దాటిపోయిందని పోలీసులు మన క్వార్టర్‌కు వచ్చిన సాయంత్రమే, బెల్లంపల్లి వాట్సాప్ గ్రూపులన్నిటిలో నీ ఫొటో తిరిగింది. నీ ముఖానికి లేని గోప్యత వాడి ఫోన్‌కు ఉంది.

బొగ్గుబాయిలో నీతో పనిచేసిన మల్లయ్య కొడుకు గురించే చెబుతున్నాను. "కాకా, నా పేరు మీద ఖాతా అయితలేదు. నీ ఆధార్ ఇయ్యి, జర కండ్లు మూసి తెరువు" అంటూ ఫోన్ నీ ముఖానికి పట్టాడు. అవ్వ వద్దంది.

"దోస్తుకు మస్టర్ ఏయించినట్టేనే, ఏం పోతది?" అన్నావు నువ్వు. పనికి రాని వాడికి హాజరు వేయించడం బాయిలో మీకు స్నేహం కిందే లెక్క. నవ్వుతూ కళ్ళు మూసి తెరిచావు.

ఇప్పుడు వాడు "నాకేం ఎరుక లేదు" అంటున్నాడు. నువ్వు పోగానే పోలీసులు ఫైలు మూసేశారు. దొంగ అన్న పేరు మాత్రం నీ మీదే ఉంచారు.

నీ మరణ ధ్రువపత్రం కూడా పంపాను, బాపూ. అయినా వివరాలు కావాలంటే ఖాతాదారుడే కెమెరా ముందు కూర్చుని కళ్ళు మూసి తెరవాలట.

దవాఖానలో నీ కళ్ళు మూసింది నేనే.