మా కొట్టు దారం

ఆదివారం, రాత్రి

తెగిన వేలికి గుడ్డ చుట్టుకుని రాస్తున్నాను.

కొల్లేటి పక్షుల్ని చూద్దామని పోరుపెట్టి మా ఆయన్ని బందరు నుంచి పొద్దున్నే కారులో బయలుదేరదీసింది నేనే. కలిదిండి దాటాక రోడ్డుకు రెండు వైపులా చేపల చెరువులే. ఆకాశమంతా నీళ్లలో పరుచుకుని ఎంత బాగుందో! ఫోటో తీద్దామని ఒక గట్టు మీద కారు ఆపించాను. చెరువుకు అడ్డంగా కట్టిన దారాల్లో, ఒడ్డుకు దగ్గరగా, తెల్ల కొంగ ఒకటి రెక్క చిక్కుకుని వేలాడుతోంది. బతికే ఉంది.

పరుగెత్తి దారం పట్టుకుని లాగాను. నా వేలు తెగింది గానీ అది తెగలేదు.

చెరువు కాపలా మనిషి కేకేస్తూ వచ్చాడు. "ఆగండమ్మా, చెయ్యి కోసుకుపోద్ది! పిట్టలు చేపపిల్లల్ని ఎత్తుకుపోతన్నాయని కట్టామండీ. బందరు దారమండీ ఇది, ఎంత లాగినా తెగదు."

ఎంత లాగినా తెగదండీ. కొట్లో కూర్చుని రోజూ నేను చెప్పే మాట. అతని చేతిలోని దారపు కండె మీద మా కొట్టు చీటీ ఉంది. అంటించింది నేనే. ఇన్నేళ్లూ వలలు అల్లుకోడానికే కొంటున్నారనుకున్నాను...

అతను కత్తి తెచ్చి కోసేసరికి కొంగ మెడ వాలిపోయింది.

"మన సరుకే" అన్నారు మా ఆయన, మెల్లగా. అక్కడి నుంచే కారు బందరుకు తిప్పేశారు.

రేపు పొద్దున కొట్టు తెరవాలి. ఎవరో ఒకరు వచ్చి, కండె చేతిలోకి తీసుకుని, "గట్టిదేనా అండీ?" అని అడుగుతారు.