ఇంకిన నీళ్లు ఎటు పోయాయి

ఆగస్టు 4, మదనపల్లె

ఎనిమిదో తరగతిలో ఈరోజు భూమ్మీది నీళ్లన్నీ ఒక బకెట్లో పోశాను. నూరు గ్లాసులనుకుంటే తొంభై ఏడు ఉప్పువి. మిగిలిన మూడింట్లో సుమారు రెండు మంచు. ఒకటి నేల లోపల. ఏర్లకూ చెరువులకూ — నా వేలి కొసన నిలిచిన చుక్క.

"ఆ మంచు కరిగిస్తే సరిపోతాది కదా మేడమ్?" షబానా.

కరిగితే సముద్రంలోకి పోయి ఉప్పవుతుందన్నాను.

"అయితే గడ్డగా ఉన్నన్నాళ్లే అది మంచినీళ్లు!"

ఇన్నేళ్లుగా చెబుతున్న పాఠం. ఇలా ఎప్పుడూ అనుకోలేదు.

ఆగస్టు 7

చౌడేపల్లె నుంచి అక్క ఫోన్. చేనులో బోరు ఎండిపోయింది. ఆవులకు నీళ్లు లేవు. అమ్మేద్దామని బావ బేరగాడితో మాట్లాడుతున్నాడట.

"భూమి పాఠాలు చెప్తావు కదమ్మా. నీళ్లు యాడుండాయో చెప్పు."

అంటార్కిటికాలో మంచు ఎంత మందమో చెప్పగలను. అక్క చేను కింద ఏముందో... తెలీదు.

ఆగస్టు 10

పుంగనూరులో బస్సు మారి అక్క దగ్గరికి. బావ ఇంకో బోరు వేయిస్తానంటాడు. వద్దన్నాను. వానకు చేను మీదుగా కొట్టుకుపోయే నీళ్లను పాత బోరు పక్కన ఇంకుడు గుంటలోకి మళ్లిద్దామన్నాను.

"గుంటలోకి పోయినవి బోరులోకి వస్తాయని గ్యారంటీ ఉండాదా?"

లేదు బావా అన్నాను.

అయినా పార తీసుకుని తవ్వడం మొదలుపెట్టాడు. నా మాట నమ్మి తవ్వుతున్నాడని భయమేసింది.

ఆగస్టు 16, కుప్పం

టీచర్ల ట్రైనింగ్. భోజనాల వేళ కాలువ చూడ్డానికి పోయాను. శ్రీశైలం నుంచి వచ్చిన కృష్ణ నీళ్లట. ఒక ముసలావిడ గట్టు మీద వంగి నీళ్లతో మాట్లాడుతోంది — "ఇంత దూరం యాల వచ్చినావమ్మా?"

నేనూ చెయ్యి ముంచాను. గోరువెచ్చగా.

ఆగస్టు 21

వాన! అక్క వీడియో పంపింది. "గుంట నిండింది, సూడు సూడు!"

ఆగస్టు 23

గుంట నీళ్లన్నీ ఇంకిపోయాయని అక్క ఫోన్. మోటారు వేస్తే ఉత్త గాలి.

కింద రాళ్ల పగుళ్లలో ఏ వైపు దారి ఉందో... ఎవరు చూశారు?

ఆగస్టు 29

పక్క చేను మునెప్ప బోరు పోస్తోందట. మొన్నటిదాకా అదీ అంతంతమాత్రమే.

"మన నీళ్లే ఆడికి పోయినాయి" — బావ, ఫోన్లో, కోపంగా. వాన వల్లే కావచ్చు. మన గుంట వల్లా కావచ్చు.

వెనక నుంచి అక్క గొంతు: "పోతే పోనీ. ఆయప్పవీ ఆవులే గదా."

సెప్టెంబరు 2

మునెప్పే పైపు లాగి అక్క వాళ్ల తొట్టిలోకి నీళ్లు వదిలాడట. ఆవులు తల ఎత్తకుండా తాగాయట.

"మీ చెల్లెల్ని అడుగమ్మా, నా చేన్లో గుంట యాడ తవ్వాల్నో" అన్నాడట.

నాకు ఏం తెలుసని! అయినా ఆదివారం పోవాలి. నేల వాలు చూడాలి.

అక్క బోరులో ఇంకా గాలే. ఆవుల బేరగాడూ ఆదివారమే వస్తాడు. అతన్ని రమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు అక్క.