గిన్నె అడుగున ఆకుపచ్చ వెలుగు

అక్కా,
యావన్మందికీ ప్రకటించడమేమనగా, నా ఎడమకాలి చెప్పు తెగింది, కుడిది క్షేమం.

నేను గిన్నెలు కడిగే ప్రయోగశాలలో డాక్టరమ్మ తను చేసిన పసుపు స్ఫటికాల్లోకి కంటికి కనబడని కాంతి పంపుతుంది, ఆకుపచ్చ వెలుగు రావాలని. రెండేళ్లుగా రాలేదు. నిన్న, ఆవిడ తేడా కనిపెడుతుందేమో చూద్దామని వాటిని తీసేసి, వాటి చోట అదే సరుకు గిన్నె అడుగున అట్టకట్టి ఉంటే గీకి పెట్టాను. భగ్గుమని ఆకుపచ్చ!

"బాబాయ్, నా స్ఫటికాలు వెలిగాయి!" అని డాక్టరమ్మ సంతోషంతో ఏడ్చేసింది.

"మీవి కాదమ్మా, అడుగు మడ్డి" అని అక్కడికక్కడే చెప్పేశాను.

బావ మోకాలి నొప్పి తగ్గిందా? పిల్లలకు దీవెనలు.

అక్కా, చెప్పేశానన్నది పచ్చి అబద్ధం. వచ్చేవారం ఆవిడ తన స్ఫటికాలే వెలిగాయని పైవాళ్లకు రాసి నవ్వులపాలవుతుంది. నాకు నోరు పెగలడం లేదు. వెంటనే నాలుగు చీవాట్లు రాసి పంపు.

తమ్ముడు