గుంతలోంచి బయటికొచ్చిన పాత ట్యాంకు

ఓబులేసన్నా,

నీ తమ్ముడిలాంటి సుంకన్న దండాలు. నువ్వు పోయి రెండేళ్ల మూడు నెలలైంది. ఇన్నాళ్లూ ఒక్క ఉత్తరమూ రాయలేదు. నువ్వు బతికుండగా చెప్పాల్సింది చెప్పనివాణ్ని, ఇప్పుడేం రాస్తాను అనిపించేది...

ఉరవకొండలో ఈ ఏడూ వాన మొహం చాటేసింది. శనక్కాయ చేలో మొక్క జానెడు కూడా లేవలేదు. నా చెవిలో హోరు ఇంకా తగ్గలేదు. నీకూ ఉండేది కదా?

పోయిన నెల మన రెజిమెంటు వాళ్లు పాతవాళ్లందరినీ రమ్మని పిలిచారు. రెండు రోజులు రైల్లో కూర్చుని పోయాను. మర్నాడు పొద్దున మమ్మల్ని ఫైరింగ్ రేంజికి తీసుకుపోయారు. ఈ చివర కొత్త ట్యాంకులు. ఆ చివర, గురి చూసి కాల్చడానికి పాత ట్యాంకుల డొక్కులు నాలుగు. ఇంజన్లు లేవు, గొలుసులు లేవు. దుర్భిణిలో ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాను. మూడోది మనది, అన్నా.

ఎట్లా గుర్తుపట్టావంటావా? డ్రైవరు కిటికీ కింద ఆ వంకర వెల్డింగు అతుకు ఇంకా అట్లాగే ఉంది.

నేను గన్నరుగా చేశానని ఎవరో చెప్పినట్టున్నారు. ఒక కెప్టెన్ వచ్చి, చిన్నవాడే, ఎంతో మర్యాదగా, ఒక గుండు మీ చేత్తో కాల్చండి, ఆ మూడోదాని మీద అన్నాడు. చుట్టూ అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి నిలబడ్డాను. కానీ కొత్త ట్యాంకు ఎక్కలేదు.

యుద్ధానికి ముందు, ఆఫీసర్లు హాల్లో ఆడే ఆ ఉత్తుత్తి యుద్ధాలు గుర్తున్నాయా? నేల మీద ఇసక పరిచి కొండలూ ఏర్లూ దిద్దే పని నీదే. ఏటి గట్టున పుట్టినవాడివి, నీ చేతిలో ఇసక చెప్పినట్టు వినేది. ఆఫీసర్లు దాని మీద కొయ్య ట్యాంకులు జరుపుతూ ఆడేవాళ్లు. ప్రతి ఆటలోనూ మన పాత ట్యాంకుల ముక్కలే ముందు తీసి పక్కన పెట్టేవాళ్లు. నువ్వు గోడకానుకుని చూస్తూ నా చెవిలో అనేవాడివి... "ఏమప్పా సుంకన్నా, సంగటి తినకముందే మనల్ని సంపేస్తాండారే!"

నవ్వుతూనే అనేవాడివి. కానీ ఆ సాయంత్రం పోయి ఇంజను ముందు కూర్చుని, ఎవరూ చెప్పకుండానే ప్రతి బోల్టూ బిగించేవాడివి.

డెబ్బై ఒకటిలో నిజం యుద్ధం వచ్చింది. కొత్త ట్యాంకులు ముందుకు పోయాయి. మన ఫిరంగి శత్రువు ట్యాంకుల ముందు రేకును చీల్చలేదని మనల్ని ఏటి గట్టు మీద గుంత తవ్వి మెడ దాకా దింపేశారు. ఏరు దాటే రేవుకు కాపలా. ఫిరంగి ఒక్కటే బయటికి కనపడేది. నీకు చెప్పరాని కోపం. "డ్రైవరుకు గుంతలో ఏం పనుండాదప్పా? ఈడ నేను బండి తోలల్లనా, కోడి మాదిరి పొదగల్లనా?"

మూడో రోజు పొద్దున మన కమాండరుకు భుజంలో గుండు ముక్క దిగి వెనక్కి పంపించారు. ట్యాంకులో మిగిలింది నువ్వు, నేను, గుండ్లు నింపే ఆ పంజాబీ లోడరు. నాయక్‌ను కాబట్టి ఇక పెద్దను నేనే.

ఆ గంటలోనే కదా, మన కొత్త ట్యాంకు ఒకటి ఏరు దాటబోయి నడిమధ్య ఇసకలో దిగబడింది. లోపల నలుగురు. చుట్టూ గుండ్లు పడుతున్నాయి. వైర్లెస్‌లో మనకు ఆర్డరొచ్చింది, గుంత వదలొద్దని. అప్పుడు హెడ్‌ఫోనులో నీ గొంతు...

"ఆ ఇసక నాకు తెలుసప్పా, మా పెన్నలో ఉండేదే. వాళ్లది బరువు, దిగబడింది. మనది తేలిక. ఈ గట్టు పక్కనే పోతే నిలబడుతుంది. పోదామా, వద్దా? పెద్దోడివి, నువ్వే చెప్పల్ల."

నేను పొమ్మన్నాను.

తర్వాతిదంతా నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తు. గుంతలోంచి మన బండి మూలుగుతూ పైకెక్కడం. గట్టి నేల చూసి నువ్వు ఆపడం. రెండు ఇనుప తాళ్లు కలిపి భుజాన వేసుకుని నువ్వే దిగి మోకాలి లోతు నీళ్లలో పోవడం. ఎందుకు దిగావన్నా? లోడరును పంపొచ్చు కదా? ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. తిరిగొచ్చి గేరు వేసి, అడుగడుగూ లాగావు. దాన్ని ఒడ్డుకు చేర్చాకే మన ముందు రేకుకు దెబ్బ తగిలింది. ఆ వంకర అతుకు దానిదే. నీ కుడి చెవి ఆ రోజే పోయింది. ఆ నలుగురూ బతికారు.

యుద్ధమయ్యాక విచారణ పెట్టారు. ఆర్డరు లేకుండా రేవు వదిలింది ఎవరి మాట మీద అని అడిగారు. మనం మాట్లాడుకున్నది తెలుగులో. లోడరుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తెలిసింది మనిద్దరికే. నేను నేల చూపులు చూస్తూ నిలబడ్డాను... నువ్వు నా మొహం చూసి, వాళ్ల వైపు తిరిగి, బండి నేనే తీశాను సార్ అన్నావు.

నాకు హవల్దారు పట్టీ వచ్చింది. నిన్ను కొలువులోంచి తీసేసి ఇంటికి పంపించారు. మీ ఊళ్లో నిన్ను కాపలా వదిలేసినవాడు అన్నారని విన్నాను. బోరుబండి తోలుకుని బతికావు. మీ ఇంటికి వచ్చినప్పుడల్లా నేను ఆ మాట ఎత్తబోతే నువ్వు ఎత్తనిచ్చేవాడివి కాదు. "ఊరికే ఉండప్పా. నలుగురు బతికినారు, అయిపాయ." నువ్వు వద్దన్నావు కదా అని నేను హాయిగా ఊరుకున్నాను. అది నీ మంచితనమా, నా పిరికితనమా?

అక్కడ రేంజిలో, అందరి ముందూ, కెప్టెన్‌తో అన్నాను. ఆ ట్యాంకు మీద కాల్చలేను సార్, అందులో నేనొక అబద్ధం దాచుకున్నానని. తర్వాత మొత్తం చెప్పాను. ఆయన ఆ రోజు మూడోదాని మీద ఎవరినీ కాల్చనివ్వలేదు. మధ్యాహ్నం నన్ను ఇసక హాలుకు తీసుకుపోయి కుర్రాఫీసర్ల ముందు మళ్లీ చెప్పించాడు. మిమ్మల్ని గుంతలో దింపడం తప్పేనా అని ఒకడు అడిగాడు. తప్పు కాదన్నాను. ఫిరంగి వరకు వాళ్ల లెక్క సరైనదే. ఆ బండి ఎంత తేలికో, తోలేవాడు ఏ ఏటి గట్టున పెరిగాడో ఆ లెక్కలోకి రాలేదు, అంతే.

పద్నాలుగేళ్ల తర్వాత నీకు రావాల్సిన పట్టీ ఇక రాదట. నా వాంగ్మూలం నీ ఫైలులో చేరుస్తామని రాసి, నకలు పంపారు.

అది పట్టుకుని పామిడి మీదుగా మీ ఊరికి పోయాను. నాగమ్మ వదిన చాటలో కాయలు చెరుగుతోంది. చదివి వినిపించాను. చెరగడం ఆపింది.

"ఆయప్ప తలొంచుకుని ఈ వీధిలో పన్నెండేండ్లు నడిచినాడు. నువ్వు పండక్కొకసారి వచ్చి, నా చేతి కూడు తిని పోయినావు. లెయ్ ఈడ్నుంచి."

లేచాను. మీ సరోజ బస్సు దాకా వచ్చింది. బడిలో పంతులమ్మ కదా, గొంతు పెంచకుండానే అడిగింది. ఆ కాగితం మాకు చదివితే ఏమొస్తుంది చిన్నాయనా, మా నాయనను మాటలన్నవాళ్ల ముందర చదువు అని.

మంగళవారం పొద్దుటి బస్సుకు బయలుదేరుతున్నాను అన్నా. సరోజ బడి ముందర ఊరినంతా పిలుస్తానంది. గుంత వదలమన్నది ఎవరో, పట్టీ ఎవరికి రావాల్సిందో, ఎవడు తీసుకున్నాడో నా నోటితోనే చెబుతాను. ఆ తర్వాత మీ ఇంటికి పోతాను. వదిన తలుపు తీస్తుందో లేదో తెలియదు. తీయకపోతే బయట అరుగు మీద కూర్చుంటాను.

ఉంటాను మరి.

నీ గన్నరు,
సుంకన్న