నాలుక కింద రాయి

బాలింత సేవలో పడి నన్ను మరిచిపోయిన మా ఇంటావిడకి, ఇక్కడ నేను కులాసా. అక్కడ అమ్మాయి, పసిగుడ్డు, మన పెద్ద మనవరాలు, నువ్వు కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను.

రాయి ఎంత ఉందని అడిగావు. కందిగింజంత. దీనికా ఇంత హడావుడి అని డాక్టరమ్మని అడిగేశాను. "ఉమ్మి వచ్చే గొట్టం దారం కన్నా కాస్త లావు, అంతేనండీ. దానికిది పెద్ద బండే" అంది. నాలుక కింద మత్తు సూది ఇచ్చి, కోసి, రాయి తీసి చేతిలో పెట్టింది. కుట్లు వాటంతటవే కరిగిపోయాయి. నాలుక ఇంకా మొద్దుబారే ఉంది. నేను వండే క్యాంటీన్‌లో నా తిట్లు ఎవరికీ అర్థం కాక అందరూ హాయిగా ఉన్నారు.

ఇక దాచిన సంగతి. కంగారు పడకు, అమ్మాయికి చెప్పకు. వంటవాడికి ఈ జబ్బు, పగవాడికి కూడా రాకూడదు. ఉల్లిపాయ వేగే వాసనకే నోరూరేది, ఊరగానే దవడ కింద ఉబ్బి ప్రాణం పోయేది. అందుకే ఊపిరి బిగబట్టి వండటం అలవాటు చేసుకున్నాను. ఆపరేషన్ అయ్యాకా అదే చేశాను. నిమ్మచెక్క చప్పరించండి, దవడ కింద నిమరండి, ఉమ్మి పారుతుంటేనే దారి పూడుకోదు అని డాక్టరమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. నేను తల ఊపి ఇంటికొచ్చి, పుండు మానేదాకా నోటికి విశ్రాంతి ఇద్దామని చప్పటి జావ తాగుతూ కూర్చున్నాను. మళ్లీ ఉబ్బింది. "ఇలాగే ఉంటే మెడ దగ్గర కోసి ఉమ్మి ఊరే గ్రంథి మొత్తం తీసెయ్యాలి" అంది డాక్టరమ్మ. ఇంటికొచ్చి నిమ్మకాయ కోశాను గానీ, మళ్లీ ఉబ్బుతుందన్న భయంతో నోట్లో పెట్టుకోలేకపోయాను. నువ్వుంటే తిట్టి పెట్టేదానివి.

ఇవాళ నీ ఉత్తరం వచ్చింది. పొయ్యి పక్కనే నిలబడి చదివాను. మనవరాలు నిమ్మచెక్క కొరికి, ఒంటికన్ను మూసి, ఒళ్లంతా జలదరించి, మళ్లీ "ఇంకోటి" అని చెయ్యి చాపిందని రాశావే, అక్కడికొచ్చేసరికి భయపడటం మరిచిపోయి పకపకా నవ్వాను. నాలుక కింద గోరువెచ్చగా ఊరింది. దవడ పట్టుకుని నొప్పి కోసం చూశాను. రాలేదు. ఇంకా ఊరింది. మింగాను.

ఇప్పుడు నిమ్మచెక్క బుగ్గన పెట్టుకునే రాస్తున్నాను. నోరింకా నా మాట వినదు కదా, కాగితం మీద చుక్కలు పడ్డాయి. అన్నీ కన్నీళ్లని బెంగపడకు. కొన్ని మాత్రం అవే.

ఇట్లు,
నీ పిరికి మొగుడు